అంతర్జాల పరిశోధనలో సామాజిక బుక్‌మార్కింగ్: వ్యవసాయ విస్తరణ దృష్టితో ఒక పరిశీలన

సంగ్రహం

అంతర్జాలంలో లభించిన పరిశోధన వ్యాసాలను, సిఫారసు పత్రాలను, గణాంకాలను గుర్తు పదాలతో భద్రపరచి ఇతరులతో పంచుకొనే పద్ధతిని సామాజిక బుక్‌మార్కింగ్ అంటారు. ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరాలను, వ్యవసాయ విస్తరణలో దాని ఉపయోగాన్ని, పరిమితులను ఈ వ్యాసం చర్చిస్తుంది. నేరుగా విత్తే వరిని ఉదాహరణగా తీసుకొని, కొద్దిమంది శాస్త్రవేత్తల బృందం తన ఉమ్మడి సేకరణను ఏ నియమాలతో నిర్మించుకోవాలో వివరిస్తుంది. పదాలపై ముందస్తు అంగీకారం, ప్రతి నమోదుకు రాతపూర్వకమైన కారణం, సరిచూసిన తేదీ, సొంత నకలు అనే నాలుగు నియమాలు పాటించని సేకరణ కాలక్రమంలో మేలుకన్న కీడే ఎక్కువగా చేయగలదని ఈ పరిశీలన సారాంశం.

ప్రవేశిక

వ్యవసాయ విస్తరణలో పనిచేసే శాస్త్రవేత్తకు ఎదురయ్యే ప్రశ్నలలో అధిక భాగం పూర్తిగా కొత్తవి కావు. నేరుగా విత్తిన వరిలో లేత ఆకులు ఎందుకు పాలిపోతున్నాయన్న ప్రశ్న ఒక మండలంలో ఈ ఏడాది వస్తే, మరొక మండలంలో అది గత ఏడాదే వచ్చి ఉండవచ్చు. అప్పుడు సమాధానం వెతికిన శాస్త్రవేత్త కొన్ని గంటలు శ్రమించి, పనికిరాని పేజీలను పక్కన పెట్టి, మూడు నాలుగు మంచి వ్యాసాలను ఎంచుకొని ఉంటారు. ఆ వ్యాసాల చిరునామాలు వారి కంప్యూటరులోనే మిగిలిపోతాయి. వారికి బదిలీ అయితే ఆ శ్రమ కూడా మరుగున పడుతుంది. వారి స్థానంలో వచ్చినవారు మొదటి అడుగు నుంచి మళ్ళీ మొదలుపెడతారు.

పరిశోధన ఫలితాలను ప్రచురించడానికి పత్రికలు ఉన్నాయి. ఆ ఫలితాలను వెతికి, తూచి, ఎంచుకోవడంలో పడిన శ్రమను భద్రపరచడానికి మాత్రం సాధారణంగా ఏ ఏర్పాటూ ఉండదు. ఈ లోటును తీర్చగల సాధనాలలో సామాజిక బుక్‌మార్కింగ్ ఒకటి. అయితే సాధనం ఉన్నంత మాత్రాన ప్రయోజనం సమకూరదు. సేకరించేవారి క్రమశిక్షణ మీదనే దాని విలువ ఆధారపడి ఉంటుంది.

భావన, ఆవిర్భావం

పుస్తకం చదువుతూ ఆపిన చోట గుర్తుగా కాగితం ముక్క ఉంచడం అందరికీ తెలిసిన అలవాటు. అంతర్జాల బ్రౌజర్లలోని బుక్‌మార్కులు దాని రూపాంతరమే. ఒక పేజీ చిరునామాను భద్రపరచుకొంటే మరొకసారి వెతకకుండానే దానిని తెరవవచ్చు. అయితే ఈ బుక్‌మార్కులు వ్యక్తిగతమైనవి. వాటిని సంచులలో సర్దినట్లు అరలలో సర్దుకోవాలి. వరిలో కలుపు యాజమాన్యంపై ఉన్న వ్యాసాన్ని ‘వరి’ అరలో ఉంచితే ‘కలుపు’ అరలో కనబడదు.

సామాజిక బుక్‌మార్కింగ్ ఈ రెండు పరిమితులను తొలగించింది. చిరునామాలు వ్యక్తి కంప్యూటరులో కాక అంతర్జాలంలోని ఉమ్మడి వేదికపై నిలుస్తాయి. అరలకు బదులు ప్రతి పేజీకి ఎన్ని గుర్తు పదాలనైనా జతచేయవచ్చు. వీటినే ట్యాగులు అంటారు. ఒకే వ్యాసానికి వరి, కలుపు, నేరుగా విత్తడం అనే మూడు ట్యాగులు ఇస్తే మూడు దారులలోనూ అది దొరుకుతుంది. అదే ట్యాగును మరొకరు ఏయే పేజీలకు ఇచ్చారో, అదే పేజీని మరెవరు భద్రపరచుకొన్నారో కూడా చూడవచ్చు.

2003లో జాషువా షాక్టర్ ప్రారంభించిన డెలిషియస్ అనే సేవ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. శాస్త్ర పరిశోధకుల కోసం ప్రత్యేకంగా 2004లో రిచర్డ్ కామెరాన్ సైట్‌యులైక్‌ను, అదే ఏడాది నేచర్ ప్రచురణ సంస్థ కనోటియాను ప్రారంభించాయి. 2006లో జర్మనీలోని కాసెల్ విశ్వవిద్యాలయం నుంచి బిబ్‌సోనమీ వచ్చింది. పేజీలోని వాక్యాలపై రంగు పూసి వ్యాఖ్యలు రాసుకొనే వీలున్న డీగో కూడా 2006లోనే వెలువడింది. అదే ఏడాది అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన జొటేరో మొదట వ్యక్తిగత ఆధార గ్రంథాల సేకరణకు ఉద్దేశించినది. తరువాత బృంద గ్రంథాలయాల వసతిని చేర్చుకొన్నది. నిపుణులు ముందుగా నిర్ణయించిన వర్గీకరణ కాక వాడుకరులే పదాలతో నిర్మించుకొనే ఈ వర్గీకరణకు 2004లో థామస్ వాండర్ వాల్ ‘ఫోక్సానమీ’ అని పేరు పెట్టారు. ‘జన వర్గీకరణ’ అని దానిని తెలుగులో చెప్పుకోవచ్చు.

శోధన యంత్రాలు ఉండగా దీని అవసరమేమి?

గూగుల్ వంటి శోధన యంత్రాలు క్షణంలో వేలాది పేజీలను చూపుతున్నప్పుడు మనుషులు చేతితో సేకరించవలసిన అవసరమేమిటన్న ప్రశ్న సహజం. వ్యవసాయ విస్తరణకు సంబంధించినంతవరకు దీనికి మూడు సమాధానాలు ఉన్నాయి.

మొదటిది భాషకు సంబంధించినది. తెలుగులో వెలువడిన వ్యవసాయ సాహిత్యంలో గణనీయమైన భాగం యూనికోడ్ కాని ముద్రణ ఫాంట్లతో కూర్చినది, లేదా అచ్చు ప్రతిని ఛాయాచిత్రంగా మార్చి ఉంచినది. తెరపై అక్షరాలు స్పష్టంగా కనిపించినా, శోధన యంత్రానికి అవి తెలుగు అక్షరాలుగా అందకపోవచ్చు. ‘వేరుశనగలో తిక్క ఆకుమచ్చ’ అని ఎంత వెతికినా అటువంటి కరపత్రం దొరకదు. ఒక మనిషి దానిని తెరిచి, చదివి, యూనికోడ్ తెలుగులో ట్యాగులు రాసి భద్రపరచినప్పుడే అది వెతుకులాటకు అందుతుంది. ఇటువంటి పత్రాలకు ఉమ్మడి సేకరణలోని నమోదే ఏకైక సూచిక కావచ్చు.

రెండవది అడగని ప్రశ్నకు సంబంధించినది. శోధన యంత్రం అడిగినదానికే సమాధానం ఇస్తుంది. పొడి దుక్కిలో నేరుగా విత్తిన వరిలో కలుపు ప్రధాన సమస్య కనుక సస్య శాస్త్రవేత్త కలుపును గురించే వెతుకుతారు. దమ్ము చేసి నీరు నిలిపిన పొలంలో సులభంగా అందే ఇనుము పొడి నేలలో మొక్కకు సరిగా అందదని, అందువల్ల లేత ఆకులు పాలిపోతాయని మృత్తికా శాస్త్రవేత్తకు తెలుసు. అదే పరిస్థితిలో వేరుముడి నులిపురుగుల బెడద పెరగవచ్చునని నులిపురుగుల నిపుణులకు తెలుసు. ముగ్గురూ ‘నేరుగా విత్తే వరి’ అనే ఒకే ట్యాగు కింద భద్రపరిస్తే, కలుపు కోసం వచ్చినవారికి ఇనుప ధాతు లోపం, నులిపురుగులు కూడా కంటబడతాయి. లేత ఆకుల పసుపును నత్రజని లోపంగా భ్రమించి యూరియా వేయమని చెప్పే పొరపాటు అక్కడే ఆగుతుంది. నత్రజని లోపం ముదురు ఆకులలో, ఇనుప లోపం లేత ఆకులలో ముందుగా కనిపిస్తాయన్న మౌలిక భేదం గుర్తుకు రావడానికి ఆ పొరుగు నమోదే కారణమవుతుంది.

మూడవది వివేచన. శోధన యంత్రం పేజీని చూపగలదే కాని, అందులోని ఫలితం ఏ నేలలో, ఏ నీటి వసతిలో, ఎన్ని ఋతువుల ప్రయోగం మీద ఆధారపడినదో తూచి చెప్పవలసినది శాస్త్రవేత్త. ఆ తూనికే ఉమ్మడి సేకరణలో నిలవవలసిన అసలు సంపద.

పదాల చిక్కు

ఒకే వస్తువుకు ఇద్దరు వ్యక్తులు ఒకే పేరు పెడతారన్న నమ్మకం లేదు. 1987లో జార్జ్ ఫర్నాస్, ఆయన సహ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఒక అంశానికి ఇద్దరు వ్యక్తులు అదే పదాన్ని ఎంచుకొనే సంభావ్యత 20 శాతం కన్న తక్కువగా తేలింది. ట్యాగుల విషయంలోనూ ఈ చిక్కు ఎదురవుతుంది.

జన వర్గీకరణను సమర్థించేవారు దీనికి ఒక సమాధానం చూపుతారు. స్కాట్ గోల్డర్, బెర్నార్డో హ్యూబర్‌మన్ డెలిషియస్ సేవలోని నమోదులను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక పేజీని సుమారు 100 మంది భద్రపరచిన తరువాత వివిధ ట్యాగుల నిష్పత్తి దాదాపు స్థిరపడుతుంది. అనగా జనం పెరిగిన కొద్దీ పదాల గందరగోళం తనంతట తానే సర్దుకొంటుంది.

ఈ ఫలితాన్ని వ్యవసాయ విస్తరణకు యథాతథంగా అన్వయించడం పొరపాటు. వరిలో ఊద నివారణపై ఒక వ్యాసాన్ని ఒక జిల్లాలో భద్రపరచేవారు ఐదుగురో పదిమందో ఉంటారు. వందమంది చేరే దాకా వేచి ఉండే అవకాశం ఆ బృందానికి లేదు. పెద్ద సమూహంలో సంఖ్య సాధించే స్థిరత్వాన్ని చిన్న బృందం ముందస్తు అంగీకారంతోనే సాధించాలి.

తెలుగులో ఈ చిక్కు మరింత ముదురుతుంది. పత్తి, ప్రత్తి, వేరుశనగ, వేరుసెనగ, పొద్దుతిరుగుడు, ప్రొద్దుతిరుగుడు, మిరప, మిర్చి, సిఫారసు, సిఫార్సు. చదివేవారికి ఇవి ఒకటే అయినా యంత్రానికి వేరు వేరు ట్యాగులు. ‘కలుపుమందు’ అని కలిపి రాసినదీ ‘కలుపు మందు’ అని విడిగా రాసినదీ ఒకచోట చేరవు. కొన్ని సేవలలో పదాల మధ్య ఖాళీ వస్తే అక్కడ ట్యాగు రెండుగా చీలిపోతుంది. అందువలన పదాల మధ్య అడ్డగీత ఉంచే అలవాటు ఏర్పడింది.

ఆంగ్ల పదాలు వాడినంత మాత్రాన చిక్కు తీరదు. ‘డైరెక్ట్ సీడింగ్’ అనే పదమే ఇందుకు నిదర్శనం. వరి శాస్త్రవేత్తలకు అది నారు పోసి నాటకుండా పొలంలోనే విత్తడం. పరిరక్షణ వ్యవసాయ సాహిత్యంలో అదే మాట దుక్కి లేకుండా పంట మోళ్ళ మధ్య విత్తడానికి వాడబడుతుంది. అటవీ శాస్త్రంలో మొక్కలు నాటకుండా చెట్ల విత్తనాలు చల్లడం ఆ మాటకు అర్థం. ఈ ఒక్క ట్యాగును అనుసరించి వెళ్ళిన విద్యార్థి మూడు వేరు శాస్త్రాల వ్యాసాల మధ్య నిలబడతాడు. వరిలోనే చూచినా పొడి దుక్కిలో విత్తడం, దమ్ము చేసిన పొలంలో మొలకెత్తిన విత్తనం వెదజల్లడం, డ్రమ్ సీడర్‌తో విత్తడం అనే పద్ధతులకు నీటి యాజమాన్యమూ కలుపు యాజమాన్యమూ వేరు. వీటన్నిటికీ ఒకే ట్యాగు సరిపోదు.

రంగనాథన్ చూపిన మార్గం

ఈ చిక్కుకు పరిష్కారం వెతికేవారు కంప్యూటర్ల కాలానికి ముందే మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో జరిగిన కృషిని గమనించాలి. గణిత అధ్యాపకుడిగా ఉండి 1924లో ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియుక్తుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ద్విబిందు వర్గీకరణను ప్రచురించారు. ప్రతి పుస్తకానికి ముందే నిర్ణయించిన ఒకే అరను కేటాయించే బదులు, విషయాన్ని దాని ముఖాలుగా విడదీసి మళ్ళీ కూర్చడం ఆ పద్ధతి ప్రత్యేకత. తరువాతి కాలంలో ఆయన ఆ ముఖాలను ప్రధానాంశం, పదార్థం, క్రియ, దేశం, కాలం అనే ఐదు మూల భావనల కిందికి తెచ్చారు.

ఈ ఐదు ముఖాలూ సస్య శాస్త్రానికి సహజంగా ఒదుగుతాయి. ప్రధానాంశం పంట. పదార్థం అంటే ఎరువు, మందు, విత్తనం వంటి ఉత్పాదకం. క్రియ అంటే విత్తడం, కలుపు తీయడం, నీరు పెట్టడం వంటి యాజమాన్యం. దేశం అంటే నేల రకం, వ్యవసాయ వాతావరణ మండలం. కాలం అంటే ఖరీఫ్, రబీ లేదా పైరు దశ. ప్రతి నమోదుకు ఈ ఐదు ప్రశ్నలు వేసుకొని ట్యాగులు ఇచ్చే బృందంలో వ్యక్తిగత అభిరుచుల భేదం చాలావరకు తగ్గుతుంది.

ఉదాహరణకు నల్లరేగడి నేలలో ఖరీఫ్‌లో పొడి దుక్కిలో విత్తిన వరికి పెండిమిథాలిన్ వాడకంపై ఒక వ్యాసం దొరికిందనుకొందాం. దాని ట్యాగులు ఇలా ఉంటాయి: వరి; పెండిమిథాలిన్; పొడి-విత్తు, కలుపు-యాజమాన్యం; నల్లరేగడి; ఖరీఫ్. ఏ ముఖానికైనా సమాధానం వ్యాసంలో లేకపోతే ‘నేల-తెలియదు’ అని రాయడం మంచిది. ఆ లోటు కూడా సమాచారమే. సిఫారసు చేసే ముందు ఆగి ఆలోచించవలసిన చోటు అదే.

పదాల ఎంపికకు ఆధారంగా ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహించే ఆగ్రోవాక్ పదకోశాన్ని తీసుకోవచ్చు. 1980లలో మొదలైన ఈ బహుభాషా పదకోశంలో తెలుగు పదాలు కూడా ఉన్నాయి. ప్రతి భావనకు ఒక స్థిరమైన గుర్తింపు ఉండి, వివిధ భాషల పదాలు దానికి అనుబంధమై ఉండటం దీని ప్రత్యేకత. స్థానిక వాడుకకు సరిపడే తెలుగు పదం అందులో లేకపోతే బృందం తన పదాన్ని నిర్ణయించుకొని, దాని పక్కన ఆగ్రోవాక్ ఆంగ్ల పదాన్ని తెలుగు లిపిలోనో ఆంగ్ల లిపిలోనో రెండవ ట్యాగుగా ఉంచవచ్చు. రైతు మాట, పరిశోధకుని మాట అప్పుడు ఒకే పత్రం వద్ద కలుస్తాయి.

బృందం అంగీకరించిన పదాల పట్టిక ఒక పేజీకి మించకుండా ఉండటం అవసరం. పట్టిక పెరిగిన కొద్దీ దానిని చూసేవారు తగ్గుతారు. కొత్త పదం కావలసినప్పుడు ముందు వాడి, తరువాత నెలవారీ సమావేశంలో చర్చించి, నిలపాలో పాత పదంలో కలపాలో నిర్ణయించవచ్చు.

నమోదులో ఉండవలసిన అంశాలు

శీర్షిక, చిరునామా మాత్రమే ఉన్న బుక్‌మార్కు ఇతరులకు అంతగా ఉపయోగపడదు. ప్రతి నమోదులో ఈ క్రింది అంశాలు ఉండాలి.

1. మూలం పూర్తి వివరం: రచయితలు, సంవత్సరం, పత్రిక పేరు. వ్యాసానికి డి.ఓ.ఐ. సంఖ్య ఉంటే బ్రౌజర్‌లో కనిపించే చిరునామాకు బదులు దానినే భద్రపరచాలి. విశ్వవిద్యాలయ చందా ద్వారా తెరిచిన పేజీ చిరునామా మరొక చోట ఉన్నవారికి తెరుచుకోకపోవచ్చు; డి.ఓ.ఐ. మాత్రం అందరినీ మూల వ్యాసం పేజీకి చేరుస్తుంది.

2. ఐదు ముఖాల ట్యాగులు.

3. రెండు వాక్యాల వ్యాఖ్య: ఏమి తేలింది, ఏ పరిస్థితిలో తేలింది. ‘మంచి వ్యాసం’ వంటి మాటలకు ఇక్కడ స్థానం లేదు. ‘సాగునీటి వసతి ఉన్న నల్లరేగడిలో రెండు ఖరీఫ్‌ల ప్రయోగం, ఎర్ర నేలలకు వర్తింపజేయరాదు’ వంటి వాక్యం ఎన్నో గంటల శ్రమను ఆదా చేస్తుంది.

4. స్థితి ట్యాగు: చదవాలి, చదివినది, సిఫారసుకు-ఆధారం, చరిత్ర-మాత్రమే అనే నాలుగింటిలో ఒకటి. చదవని వ్యాసాన్ని చదివినట్లు చూపే నమోదు బృందాన్ని మోసగిస్తుంది.

5. సరిచూసిన తేదీ, సరిచూసినవారి పేరు.

పాత సిఫారసు ప్రమాదం

చివరి రెండు అంశాలు లాంఛనం కోసం చెప్పినవి కావు. ఒక విస్తరణ బృందపు ఉమ్మడి సేకరణలోని పేజీ పరిశోధకుల వద్దనే ఆగిపోదు. అక్కడి నుంచి అది రైతు ఫోనుకు, ఫోను నుంచి పొలానికి చేరుతుంది.

2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన ఉత్తర్వు 18 పురుగుమందులను నిషేధించింది. వాటిలో కార్బరిల్, మిథైల్ పారాథియాన్ వంటి 12 మందులపై నిషేధం వెంటనే అమలులోకి వచ్చింది. అలాక్లోర్, డైక్లోరోవాస్, ఫోరేట్, ఫాస్ఫామిడాన్, ట్రయాజోఫాస్, ట్రైక్లోర్‌ఫాన్ అనే మిగిలిన 6 మందులపై పూర్తి నిషేధం 2020 డిసెంబరు 31 నుంచి వర్తించింది. వరిలో ఉల్లికోడుకు ఫోరేట్ గుళికలు, కాండం తొలిచే పురుగుకు ట్రయాజోఫాస్ ఒకప్పుడు సిఫారసులలో ఉన్నవే. ఆ కాలపు కరపత్రాలు తమ కాలానికి తప్పు కావు. అవి నేటికీ అంతర్జాలంలో తెరుచుకొంటే, వాటిలో నిషేధం మాట కనబడదు.

ఇక్కడ సామాజిక బుక్‌మార్కింగ్‌కు సహజమైన ఒక లోపం బయటపడుతుంది. ఎక్కువమంది భద్రపరచిన పేజీని ముందుగా చూపడం అనేక సేవల పద్ధతి. 2012 నాటి పేజీని పదేళ్ళలో 40 మంది భద్రపరచి ఉంటారనీ, 2021లో సవరించిన సిఫారసును ఇద్దరే భద్రపరచి ఉంటారనీ అనుకొందాం. వరుసలో పైన నిలిచేది పాత పేజీయే. ప్రాచుర్యం గడిచిన కాలాన్ని కొలుస్తుందే కాని ప్రామాణికతను కొలవదు. తొందరలో ఉన్న విస్తరణ అధికారి మొదటి పేజీనే చూసి సమాధానం ఇస్తే, నష్టపోయేది ఆ పేజీని భద్రపరచిన 40 మందిలో ఎవరూ కారు. మందు పిచికారీ చేసే కూలీ, రైతు.

కనుక సస్యరక్షణకు సంబంధించిన ప్రతి నమోదును ఖరీఫ్, రబీ మొదలయ్యే ముందు ఏడాదికి రెండుసార్లు సరిచూడాలి. మందు పేరు ట్యాగుగా ఉండటం వలన ఈ పని సులభమవుతుంది. ‘ఫోరేట్’ అనే ట్యాగును తెరిస్తే సేకరణలో ఆ మందును పేర్కొన్న నమోదులన్నీ ఒకచోట కనిపిస్తాయి; వాటి స్థితిని ‘చరిత్ర-మాత్రమే’ అని మార్చి, వ్యాఖ్యలో నిషేధపు తేదీ రాయవచ్చు. వాటిని తొలగించడం సరికాదు. అదే పేజీ రేపు మరొకరికి దొరికినప్పుడు, అది ఇప్పటికే పరిశీలించి పక్కన పెట్టినదని తెలియాలి.

సేవ మూతపడితే

ఉమ్మడి వేదికల ఆయుర్దాయం పరిశోధకుల అవసరాన్ని బట్టి నిర్ణయం కాదు. డెలిషియస్‌ను 2005లో యాహూ కొనుగోలు చేసింది, 2011లో అది మరొక సంస్థ చేతికి వెళ్ళింది, 2017లో పిన్‌బోర్డ్ సేవ దానిని కొని కొత్త నమోదులను నిలిపివేసింది. కనోటియా 2013లో, సైట్‌యులైక్ 2019లో మూతపడ్డాయి. ఏళ్ళ తరబడి వాటిలో సేకరించినవారిలో నకలు తీసుకొన్నవారికి తమ శ్రమ దక్కింది, తీసుకోనివారికి దక్కలేదు.

సేవలే కాదు, పేజీలు కూడా అదృశ్యమవుతాయి. శాస్త్ర, సాంకేతిక, వైద్య వ్యాసాలలోని వెబ్ ఆధారాలపై 2014లో మార్టిన్ క్లైన్, ఆయన సహ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రతి 5 వ్యాసాలలో ఒకటి ఈ క్షీణతకు గురైనది. లింకు తెరుచుకోకపోవడం అందులో ఒక రకం. లింకు తెరుచుకొన్నా లోపలి విషయం మారిపోయి ఉండటం రెండవ రకం; ఇది గుర్తించడం కష్టం కనుక మరింత ప్రమాదకరం.

ఇందుకు రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఎంచుకొనే సాధనంలో సేకరణ మొత్తాన్ని ఆర్.ఐ.ఎస్. లేదా బిబ్‌టెక్ వంటి సార్వత్రిక రూపంలో దించుకొనే వసతి ఉండాలి. ఆ వసతి లేని సేవ ఎంత ఆకర్షణీయమైనదైనా వర్జనీయం. లాభాపేక్ష లేని సంస్థ నిర్వహణలో ఉండి, బృంద గ్రంథాలయాలను అనుమతించే జొటేరో చిన్న బృందాలకు అనువైనది. ప్రతి ఋతువు చివర ఒక నకలును విశ్వవిద్యాలయ సర్వరులో ఉంచాలి. రెండవది, స్థిరత్వం లేని వెబ్ పేజీని భద్రపరచే రోజుననే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో దాని ప్రతిని నిలిపి, ఆ ప్రతి చిరునామాను వ్యాఖ్యలో చేర్చాలి.

పరిమితులు, పాటించవలసిన నియమాలు

ఉమ్మడి సేకరణకు మరికొన్ని హద్దులు ఉన్నాయి. లింకును పంచుకోవడం వేరు, చందా చెల్లించి పొందిన వ్యాసం పి.డి.ఎఫ్. ప్రతిని బహిరంగంగా పంచిపెట్టడం వేరు. రెండవది కాపీహక్కు నిబంధనలకు విరుద్ధం కావచ్చు. రైతుల పేర్లు, ఫోను నంబర్లు, సర్వే నంబర్లు, ఇంకా ప్రచురించని ప్రయోగ ఫలితాలు వ్యాఖ్యలలో రాయరాదు. చాలా సేవలలో నమోదు బహిరంగంగా ఉండటమే సహజ స్థితి. బృందానికే పరిమితం చేయాలంటే ఆ ఎంపికను ముందుగా మార్చుకోవాలి.

ఒకే శాఖకు చెందినవారి సేకరణలో ఒకే అభిప్రాయం పేరుకుపోయే ప్రమాదం కూడా ఉన్నది. నేరుగా విత్తే వరి దిగుబడి నాటిన వరితో సమానమని చూపే వ్యాసాలు పది ఉండి, తగ్గిందని చూపేవి ఒక్కటీ లేకపోతే అది సాహిత్యపు స్వభావమో సేకరించినవారి స్వభావమో తేల్చుకోవాలి. అందుకు ‘భిన్న-ఫలితం’ అనే ట్యాగును పట్టికలో చేర్చుకోవడం ఉపయోగకరం. అలాగే, సేకరణలోని వ్యాఖ్య మూల వ్యాసానికి ప్రత్యామ్నాయం కాదు. సిద్ధాంత గ్రంథంలోనైనా సిఫారసు పత్రంలోనైనా ఉదహరించవలసినది స్వయంగా చదివిన మూలాన్నే.

విద్యార్థులకు అభ్యాసం

ఈ విషయాన్ని స్నాతకోత్తర తరగతిలో బోధించడానికి ఒక సులభమైన అభ్యాసం ఉన్నది. ఐదుగురు విద్యార్థులకు ఒకే వ్యాసం ఇచ్చి, ఒకరిది మరొకరు చూడకుండా ఐదేసి ట్యాగులు రాయమనాలి. ఐదుగురిలో కనీసం ముగ్గురు రాసిన పదాలు ఎన్నో లెక్కించాలి. తరువాత ఐదు ముఖాల పట్టిక ఇచ్చి, మరొక వ్యాసంతో అదే పని చేయించాలి. రెండు లెక్కలను పోల్చినప్పుడు పదాల అంగీకారం ఎందుకు అవసరమో ఉపన్యాసం లేకుండానే బోధపడుతుంది. చివరగా ప్రతి విద్యార్థి తన పరిశోధన అంశంపై పదేళ్ళ క్రితపు సిఫారసు పత్రాన్ని ఒకదానిని ఎంచుకొని, అందులో నేటికీ చెల్లే వాక్యాలేవో చెల్లనివేవో గుర్తించి వ్యాఖ్య రాయాలి.

ముగింపు

సామాజిక బుక్‌మార్కింగ్ సాంకేతికంగా చాలా సరళమైన పద్ధతి. ఒక గంటలో నేర్చుకోవచ్చు. కష్టమైనది దానిని ఏళ్ళ తరబడి శుభ్రంగా ఉంచుకోవడం. పెద్ద సమూహాలలో సంఖ్యాబలం చేసే పనిని చిన్న విస్తరణ బృందం అంగీకరించిన పదాలతో చేసుకోవాలి. యంత్రం చేయలేని తూనికను వ్యాఖ్యలో రాయాలి. సరిచూసిన తేదీ లేని సిఫారసును సిఫారసుగా పరిగణించరాదు. వేదిక ఎవరిదైనా నకలు తన వద్ద ఉండాలి.

కృషి విజ్ఞాన కేంద్రాలు, ప్రాంతీయ పరిశోధన స్థానాలు ఒక్కొక్క పంటతో, ముగ్గురు నలుగురు శాస్త్రవేత్తలతో ఈ పనిని వచ్చే ఋతువు నుంచే ప్రారంభించవచ్చు. యూనికోడ్ కాని తెలుగు కరపత్రాలకు ట్యాగులు రాయడంతో మొదలుపెడితే ఫలితం త్వరగా కనిపిస్తుంది. బదిలీపై వెళ్ళే శాస్త్రవేత్త తాళంచెవులతో పాటు సరిచూసిన సేకరణను కూడా అప్పగించే ఆచారం ఏర్పడితే, ఒక రైతు ప్రశ్నకు ఒకసారి వెతికిన సమాధానం తరువాత అడిగే రైతులందరికీ అందుబాటులో ఉంటుంది.